లిమిటెడ్ ఎడిషన్ జేబు చాకులు: కొని దాచదగినవేనా?

బ్లేడును మడిచి పిడిలో దాచుకునే చిన్న కత్తి జేబు చాకు. పండు కోయడం, తాడు తెంచడం, పెన్సిలు చెక్కడం దీని పనులు. పక్షి ఈకలతో రాసిన కాలంలో ఈక మొనను చెక్కడానికి వాడిన చిన్న చాకును పెన్‌నైఫ్ అన్నారు. ఈకలు పోయాయి, పేరు మిగిలింది. ఈ సాదాసీదా పనిముట్టునే ఇప్పుడు కొన్ని కంపెనీలు ‘ఇన్ని మాత్రమే చేస్తాం’ అని ముందుగా ప్రకటించి, ఒక్కోదానిపై వరుస సంఖ్య చెక్కి, అందమైన పెట్టెలో పెట్టి అమ్ముతున్నాయి. లిమిటెడ్ ఎడిషన్ అంటే ఇదే. దీని ధర అదే కంపెనీ మామూలు చాకు ధరకంటే ఎక్కువ, కొన్నిసార్లు అనేక రెట్లు ఎక్కువ. కొన్నవారిలో చాలామంది ఆ బ్లేడుతో ఏమీ కోయరు. రేపు విలువ పెరుగుతుందని బీరువాలో దాస్తారు. ఆ నమ్మకంలో నిజమెంతో తెలియాలంటే చాకు సేకరణ వస్తువుగా ఎలా మారిందో, దాని విలువ దేనివల్ల నిలుస్తుందో, దేనివల్ల పడిపోతుందో వరుసగా చూడాలి.

పనిముట్టు ప్రదర్శన వస్తువైన తీరు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తుల తయారీకి కొన్ని శతాబ్దాల పాటు పేరుమోసిన నగరం. అక్కడి కత్తుల పనివారి సంఘం ‘కంపెనీ ఆఫ్ కట్లర్స్ ఇన్ హలమ్‌షైర్’ 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. బ్లేడు మీద ఎవరి గుర్తు వారే వేసుకునేలా చూడటం ఆ సంఘం ముఖ్యమైన పనుల్లో ఒకటి. చాకును చూసి దాని తయారీదారు ఎవరో చెప్పగలగడానికి పునాది ఆ గుర్తులే. ఆ ఊరి జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ 1822లో, ఆ సంవత్సరపు అంకెకు సరిపోయేలా 1,822 బ్లేడ్లతో ‘ఇయర్ నైఫ్’ తయారు చేసింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన కోసం అదే సంస్థ 75 బ్లేడ్లు, పనిముట్లతో ‘నార్‌ఫోక్ నైఫ్’ చేసింది. ఈ రెండింటితో ఎవరూ పండు కోయలేదు. పనివాడి నేర్పు చూసి జనం అబ్బురపడాలన్నదే వాటి ఉద్దేశం. చూడటానికే చాకు చేయవచ్చన్న ఆలోచనకు రెండు వందల ఏళ్ల వయసుందన్నమాట.

ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్క పిడితో రైతుల చాకు చేశాడు. 1897లో దానికి ఒకటి నుంచి పన్నెండు వరకు సైజుల వరుస ఏర్పడింది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో ఈబాఖ్ గ్రామంలో చిన్న కార్ఖానా తెరిచాడు. 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టాడు. 1897 జూన్ 12న అధికారుల చాకు నమూనాను చట్టబద్ధంగా నమోదు చేయించాడు. ఎర్ర పిడితో ప్రపంచమంతా గుర్తుపట్టే స్విస్ చాకు దాని వారసురాలే. ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కుకు ఫ్రెంచి వాడుకలో ఉన్న ఇనాక్స్ అనే మాటను ఆ పేరుకు కలిపితే 1921లో విక్టోరినాక్స్ అయింది.

చాకుల సేకరణ పెద్ద ఎత్తున సాగే అలవాటుగా మారింది అమెరికాలో. పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీ తన చాకులపై వేసే ముద్రను కాలానుగుణంగా మార్చుతూ వచ్చింది. బ్లేడు పిడిలోకి దిగే మొదలు భాగాన్ని టాంగ్ అంటారు. ముద్ర అక్కడే ఉంటుంది. 1970లో కేస్ ఆ ముద్ర కింద పది చుక్కలు వేసి, తర్వాత ఏడాదికొక చుక్క చొప్పున తగ్గిస్తూ పోయింది. చుక్కలు లెక్కపెడితే చాకు పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. కేస్ మోడల్ సంఖ్యలోనూ ఇలాంటి అర్థమే ఉంది. 6254 అనే సంఖ్యలో 6 ఎముక పిడికి, 2 రెండు బ్లేడ్లకు, 54 ట్రాపర్ అనే ఆకృతికి గుర్తు. నాణేన్ని టంకశాల గుర్తుతో, తపాలా బిళ్లను విడుదల తేదీతో వర్గీకరించినట్టే చాకును కూడా సంవత్సరం, రకం, పిడి వారీగా పేర్చుకునే వీలు ఇలా కలిగింది. అలా పేర్చుకోగలిగినప్పుడే ఒక వస్తువు సేకరణకు పనికొస్తుంది.

‘లిమిటెడ్’ అనే మాటలో ఎన్ని రకాలు

మార్కెట్లో ఈ మాట కింద అమ్ముడవుతున్న చాకులన్నీ ఒకే జాతివి కావు. కొనే ముందు ఏ రకమో గుర్తించడం మొదటి పని.

మొదటి రకం స్మారక చాకులు. ఒక సంస్థ శతాబ్ది, ఒక యుద్ధం, ఒక నాయకుడు, ఒక పండుగ పేరిట ఇవి వస్తాయి. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండినప్పుడు ఇలాంటివి వెల్లువెత్తాయి. చాకు అదే పాత మోడల్, బ్లేడు మీద మాత్రం బొమ్మో అక్షరాలో కొత్తగా చెక్కి ఉంటాయి. పెట్టె పెద్దది.

రెండో రకం సంఖ్య వేసిన ప్రత్యేక చాకులు. బ్లేడు మీదో పిడి మీదో వరుస సంఖ్య ఉంటుంది. 1897 నమూనాకు 125 ఏళ్లు నిండిన 2022లో విక్టోరినాక్స్ ఆ పాత చాకుకు ప్రతిరూపంగా 9,999 చాకులు విడుదల చేసింది. డమాస్కస్ ఉక్కు బ్లేడుతో ఆ కంపెనీ తెచ్చే చాకులూ ఈ కోవలోవే.

మూడో రకం స్ప్రింట్ రన్. ఇది అమెరికాలోని కొలరాడో రాష్ట్రం గోల్డెన్ పట్టణానికి చెందిన స్పైడర్కో వాడుకలోకి తెచ్చిన మాట. ఎప్పుడూ దొరికే మోడల్‌నే వేరే ఉక్కుతో, వేరే రంగు పిడితో ఒక్క విడత చేసి ఆపేస్తారు. ఒక్క దుకాణం కోసమే చేసే ప్రత్యేక విడతలు కూడా దీనికి దగ్గరివే.

నాలుగో రకం ఏటా మారే రంగు. విక్టోరినాక్స్ అల్యూమినియం పిడి చాకులను ఏటా ఒక కొత్త రంగులో తెస్తూ వచ్చింది. 2018లో ముదురు ఎరుపు, 2019లో షాంపేన్ బంగారు రంగు, 2023లో మెరిసే పసుపు వచ్చాయి. వీటికి హద్దు కాలమే. ఎన్ని చేశారో చాకు మీద రాసి ఉండదు.

అయిదో రకం చిన్న కార్ఖానాల చాకులు. పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ పాత పద్ధతుల్లో ఒక ఆకృతిని కొన్నాళ్లు చేసి, తర్వాత ఇంకో ఆకృతికి మారుతుంది. ఒక్కో పిడి రకంలో కొన్ని వందల చాకులే రావచ్చు. ఆ హద్దు ప్రచారం కోసం పెట్టుకున్నది కాదు, పనివాళ్ల చేతులు అంతే చేయగలవు. ఒక్కరే కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చేసే కస్టమ్ చాకులు ఇంకా తక్కువ.

ఈ అయిదింటిలో మొదటి రకానికి భవిష్యత్తు అన్నిటికంటే బలహీనం, చివరి రకానికి బలం. కారణం వస్తువు వెనుక ఉన్న పనిలోనే ఉంది.

పరిమితం వేరు, అరుదు వేరు

ఎన్ని తయారు చేయాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఎన్ని మిగలాలో కాలం నిర్ణయిస్తుంది. సేకరణలో విలువ కట్టేది రెండోదానికే. దీనికి రెమింగ్టన్ కంపెనీ చాకుల చరిత్ర చక్కని ఉదాహరణ.

తుపాకుల కంపెనీగా పేరున్న రెమింగ్టన్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1920లో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో జేబు చాకులు చేయడం మొదలుపెట్టింది. వేటగాళ్ల కోసం చేసిన పెద్ద చాకుల పిడిలో తూటా ఆకారపు చిన్న లోహపు బిళ్ల పొదిగేవారు. అందుకే వాటికి బుల్లెట్ నైఫ్‌లని పేరు. కొన్న రైతులు, వేటగాళ్లు వాటిని నిజంగానే వాడారు. జంతువుల తోలు ఒలిచారు, కర్రలు చెక్కారు, సానరాయి మీద రుద్ది రుద్ది బ్లేడు అరగదీశారు, పొలాల్లో పోగొట్టుకున్నారు. 1940లో కంపెనీ ఆ వ్యాపారాన్ని అమ్మేసింది. అరగకుండా, విరగకుండా మిగిలిన అసలు బుల్లెట్ నైఫ్‌లు అతి కొద్ది. వాటి కోసం సేకర్తలు పోటీపడటానికి కారణం ఆ కొరతే.

రెమింగ్టన్ పేరుతో 1982 నుంచి ఏటా ఒక కొత్త బుల్లెట్ నైఫ్ రావడం మొదలైంది. వీటిని కొన్నవారు జేబులో వేసుకోలేదు. పెట్టె తెరవకుండా దాచారు. అందువల్ల ఎన్ని తయారయ్యాయో దాదాపు అన్నీ కొత్తవాటిలా మిగిలాయి. ఒకరు అమ్మాలనుకున్న రోజున అదే పెట్టెలో అదే చాకు మరెందరి చేతుల్లోనో సిద్ధంగా ఉంటుంది. అందరూ దాచుకున్న వస్తువు ఎన్నటికీ అరుదు కాదు. ‘పదివేలు మాత్రమే’ అని ముద్రించిన పెట్టె చూసినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చాకును నిజంగా కోరుకునేవారు లోకంలో పదివేల మందికి మించి ఉన్నారా? లేకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు.

స్విస్ సైనికుల చాకు దీనికి తిరగేసిన బొమ్మ. 1961 నమూనా సైనిక చాకును 2008 దాకా సైన్యానికి అందించారు. వెండి రంగు అల్యూమినియం పిడి, దాని మీద చిన్న స్విస్ శిలువ, బ్లేడు మొదట్లో తయారైన సంవత్సరపు చివరి రెండు అంకెలు. దీన్ని ఎవరూ లిమిటెడ్ ఎడిషన్ అనలేదు. లెక్కకు మించి తయారైంది. అయినా ప్రతి సంవత్సరపు చాకునూ ఒక్కొక్కటిగా సంపాదించి వరుస పూర్తి చేయాలనుకునే సేకర్తలు ఎందరో ఉన్నారు. సైనికుడి జేబులో తిరిగిన వస్తువు కావడం, సంవత్సరం దాని ఒంటి మీదే ఉండటం, మొదట్లో ఖర్చు తక్కువ కావడం వాళ్లను ఆకర్షిస్తాయి. దీనికంటే వెనకటి 1890 నమూనా, నల్లబారిన చెక్క పిడిది, దొరకడమే కష్టం. 1897 అధికారుల చాకుకు 2022లో వచ్చిన 9,999 ప్రతిరూపాలు అందంగా ఉంటాయి గాని, అసలైన పాత చాకు స్థానాన్ని అవి ఎప్పటికీ అందుకోలేవు.

విలువను నిలబెట్టేవి

కాలం గడిచినా ధర నిలుపుకున్న చాకుల్లో కొన్ని లక్షణాలు పదేపదే కనిపిస్తాయి. మొదటిది పనితనం. బ్లేడు తెరిచినప్పుడు, మూసినప్పుడు స్ప్రింగు ఠక్కుమని బిగువుగా పలకాలి. మూసిన బ్లేడు పిడి మధ్యలో సరిగ్గా కూర్చోవాలి. తెరిచినప్పుడు ఎటూ ఊగకూడదు. పిడి, లోహపు అంచులు కలిసేచోట గోరు పెట్టి లాగితే సందు తగలకూడదు. ఇవి లేని చాకుకు వరుస సంఖ్య ఉన్నా ప్రయోజనం లేదు.

రెండోది వాడేవారి ఆదరణ. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి అమెరికాలోని ఐడహో రాష్ట్రం బాయిసీలో స్థిరపడిన క్రిస్ రీవ్ రూపొందించిన సెబెంజా అనే చాకు 1990ల మొదటి నుంచి చిన్న మార్పులతో తయారవుతూనే ఉంది. జులూ భాషలో ఆ మాటకు పని అని అర్థం. టైటానియం పిడిలోని ఒక పక్కనే లాకుగా మలిచిన దాని పద్ధతిని తర్వాత ఎన్నో కంపెనీలు అనుసరించాయి. తయారైన తేదీ రాసిన చిన్న కార్డు ప్రతి చాకుతో వస్తుంది. అది లిమిటెడ్ కాకున్నా, పాతబడ్డా మంచి ధరకే చేతులు మారుతుంది. రోజూ వాడాలనుకునేవారు ఎప్పుడూ ఉండటమే అందుకు కారణం. పెట్టెలో పెట్టుకునేవారు మాత్రమే కోరే వస్తువుకు ఆ మోజు తగ్గగానే కొనేవారు కరువవుతారు.

మూడోది పదార్థం. ఇక్కడ భారతదేశానికీ, అందులోనూ తెలుగు నేలకూ సూటి సంబంధం ఉంది. కణుజు కొమ్ముతో చేసిన పిడి గరుకుగా, గోధుమ, తెలుపు చారలతో ఉంటుంది. షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, అమెరికా కార్ఖానాలన్నీ ఆ కొమ్మును ఎక్కువగా భారత్ నుంచే తెప్పించుకునేవి. 1998లో భారత ప్రభుత్వం కొమ్ముల ఎగుమతిని ఆపేసింది. ఆ తర్వాత నాణ్యమైన కొమ్ము దొరకడం కష్టమై, పాత కొమ్ము పిడి చాకులకు గిరాకీ పెరిగింది. వన్యప్రాణుల రక్షణ కోసం తీసుకున్న నిర్ణయమే ఒక రకం చాకును నిజంగా పరిమితం చేసింది.

రెండో సంబంధం ఉక్కుతో. నీటి అలల్లాంటి చారలున్న డమాస్కస్ బ్లేడ్లకు సేకర్తల్లో మోజు ఎక్కువ. మధ్యయుగంలో పేరుపొందిన అసలు డమాస్కస్ కత్తులకు ముడిసరుకు దక్షిణ భారతంలో, శ్రీలంకలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు. ఐరోపావాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు. ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితుల అభిప్రాయం. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి, మకాం వేసి, సరుకు కొనుక్కుపోయిన సంగతిని 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయ్‌సీ నమోదు చేశాడు. అయితే నేటి చాకుల మీద కనిపించే డమాస్కస్ వేరు. రెండు రకాల ఉక్కు పలకలను పొరలు పొరలుగా అతికి, మెలితిప్పి, ఆమ్లంలో ముంచి చారలు తేల్చే పద్ధతి అది. అమెరికన్ కమ్మరి బిల్ మోరాన్ 1973లో అలాంటి కత్తులను ప్రదర్శించాక అక్కడ దానికి కొత్త ఊపు వచ్చింది. చారల అందం నిజమే, పనితనమూ నిజమే. కాని డమాస్కస్ అన్న పేరు విని ప్రాచీన ఉక్కుకు చెల్లించినంత ధర చెల్లించనక్కర్లేదు.

నాలుగోది సంపూర్ణత. పెట్టె, ధ్రువపత్రం, కొన్న రసీదు చాకుతో ఉంటే ధర వేరు, లేకపోతే వేరు. ఒక్కసారి సానపట్టినా, పాలిష్ చక్రం మీద మెరుగుపెట్టినా సేకర్తల దృష్టిలో అది కొత్తది కాదు.

డబ్బు లెక్క

ఒక ఊహాత్మకమైన లెక్క వేసి చూస్తే సంగతి తేలుతుంది. పదివేల రూపాయలతో ఒక లిమిటెడ్ ఎడిషన్ చాకు కొన్నారనుకుందాం. పదేళ్లకు అది 15,000 రూపాయలకు అమ్ముడైంది. పైకి చూస్తే 50 శాతం లాభం. అమ్మకానికి సాయపడిన వేదిక రుసుము, రవాణా కలిపి 15 శాతం పోయిందనుకుంటే చేతికొచ్చేది 12,750. అదే పదివేలను ఏటా 7 శాతం చక్రవడ్డీ ఇచ్చే డిపాజిట్‌లో ఉంచితే పదేళ్లకు దాదాపు 19,670 రూపాయలు అవుతుంది. విదేశాల నుంచి తెప్పించుకుంటే దిగుమతి సుంకం, కొరియరు ఖర్చు మొదటి రోజే అసలు పెంచేస్తాయి. చాకు వడ్డీ ఇవ్వదు, అద్దె తేదు. కావలసినప్పుడు కొనేవాడు దొరుకుతాడన్న హామీ కూడా లేదు. బంగారాన్ని ఏ వీధిలోనైనా అమ్ముకోవచ్చు. చాకుకు సరైన ధర ఇచ్చేది దాని గురించి తెలిసిన కొద్దిమందే, వాళ్లలో ఎక్కువమంది ఉన్నది అమెరికా, ఐరోపా దేశాల్లో.

విడుదలైన వారంలోనే రెట్టింపు ధరకు తిరిగి అమ్మేవారూ ఉన్నారు. కొత్త చాకు కోసం ఎగబడే వేడిలో అది జరుగుతుంది. ఆ వేడి చల్లారాక, మరుసటి విడత వచ్చాక ధర దిగడం మామూలు. పైగా ఒక రంగు బాగా అమ్ముడైతే దాన్ని పోలిన మరో రంగును మరుసటి ఏడు కంపెనీయే తెస్తుంది. అడిగిన ధర చూసి విలువ అంచనా వేసుకోవడం కూడా పొరపాటే. ప్రకటనలో ఎంతైనా రాసుకోవచ్చు. నిజంగా చేతులు మారిన ధరే ధర.

నకిలీలు

గిరాకీ ఉన్నచోట నకిలీ ఉంటుంది. పేరున్న ఆధునిక చాకులకు చవక నకళ్లు విరివిగా వస్తున్నాయి. బరువులో తేడా, చెక్కిన అక్షరాల లోతు, స్క్రూల తల ఆకారం, బ్లేడు పిడి మధ్యలో కూర్చునే తీరు చూసి వీటిని పట్టుకోవచ్చు. పాత చాకుల్లో మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. మామూలు చాకు టాంగ్ మీద ముద్ర చెరిపి అరుదైన ముద్ర కొట్టడం, విరిగిన బ్లేడు తీసి వేరే చాకు బ్లేడు అతకడం, పగిలిన పిడి బదులు కొత్తది వేసి పాతదిగా కనిపించేలా రంగు అద్దడం జరుగుతాయి. ముద్ర పక్కన లోహం పలచబడి ఉంటే, ఒకే చాకులో రెండు బ్లేడ్ల అరుగుదల వేరువేరుగా ఉంటే, పిడి రివెట్టు చుట్టూ కొత్త గీతలుంటే అనుమానించాలి.

పేరును బట్టి కూడా మోసపోవచ్చు. తేనెటీగ గుర్తుతో కనిపించే లగ్యోల్ చాకులు ఒక కంపెనీవి కావు. లగ్యోల్ ఫ్రాన్స్‌లోని ఒక ఊరి పేరు. ఆ ఊళ్లోనూ, తియేర్ పట్టణంలోనూ మంచి పనివారు చేసినవి ఉన్నాయి, ఎక్కడో చేసి ఆ పేరు పెట్టి అమ్మేవీ ఉన్నాయి. అందువల్ల పేరు కాక, ఎవరు, ఎక్కడ చేశారన్నది చూడాలి.

దాచే పద్ధతి

కొన్న చాకును సరిగ్గా దాచకపోతే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా. విశాఖపట్నం, మచిలీపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్ల ఉప్పుగాలిలో కార్బన్ ఉక్కు బ్లేడు కొద్ది వారాల్లోనే తుప్పు పట్టవచ్చు. స్టెయిన్‌లెస్ అన్న మాటకు తుప్పు తక్కువగా పడుతుందనే అర్థం, అసలు పట్టదని కాదు. బ్లేడును పొడిబట్టతో తుడిచి, పలచగా మినరల్ ఆయిల్ రాసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత గట్టి డబ్బాలో ఉంచాలి. వేలిముద్రలోని చెమట ఉప్పు కూడా మచ్చ వేస్తుంది కాబట్టి చూపించిన ప్రతిసారీ తుడిచి పెట్టాలి.

తోలు ఒరలో పెట్టి దాచకూడదు. తోలు పదును చేసేటప్పుడు వాడిన రసాయనాలు, తోలు పీల్చుకున్న తేమ కలిసి బ్లేడును తినేస్తాయి, ఇత్తడిని పచ్చబరుస్తాయి. 20వ శతాబ్దపు మొదటి సగంలో పిడులకు విరివిగా వాడిన సెల్యులాయిడ్‌తో ఇంకా జాగ్రత్త అవసరం. అది పాతబడి చెడిపోయేటప్పుడు వదిలే వాయువు తన బ్లేడునే కాక పక్కనున్న చాకులను కూడా తుప్పు పట్టిస్తుంది. అలాంటి చాకును విడిగా, గాలి తగిలేచోట ఉంచాలి. కార్బన్ ఉక్కు మీద వాడుకతో వచ్చే బూడిదరంగు పొర హాని చేయదు, అది తుప్పును కొంత ఆపుతుంది కూడా. దాన్ని గీకి మెరిపించాలని చూస్తే చాకు వయసూ, విలువా రెండూ పోతాయి.

చట్టం చెప్పేది

భారత ఆయుధాల చట్టం, 1959 కింద ఉన్న నియమాలు 9 అంగుళాలకంటే పొడవు లేదా 2 అంగుళాలకంటే వెడల్పు ఉన్న బ్లేడు కత్తులను ఆయుధాల్లో చేర్చాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక పనుల కోసం చేసినవాటిని మినహాయించాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో అలాంటి ఆయుధాలకు లైసెన్సు కావాలి. జేబు చాకు బ్లేడు సాధారణంగా రెండు నుంచి నాలుగు అంగుళాలే కాబట్టి ఇంట్లో సేకరణగా ఉంచుకోవడం ఈ కొలతలకు లోబడే ఉంటుంది. విమానంలో చేతిసంచిలో మాత్రం ఎంత చిన్న చాకైనా పెట్టకూడదు. తనిఖీలో అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువారు అక్కడి నియమాలు చూసుకోవాలి. బ్రిటన్‌లో సరైన కారణం చూపకుండా బహిరంగంగా వెంట తీసుకెళ్లగలిగేది 3 అంగుళాలు మించని పదును అంచుతో, లాకు లేకుండా మడిచే చాకును మాత్రమే. ఏనుగు దంతం, అడవి జంతువుల కొమ్ము వంటి పిడి ఉన్న చాకును సరిహద్దు దాటించాలంటే వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందమూ, భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కూడా అడ్డురావచ్చు. ధర ఎంత ఊరించినా అలాంటివాటి జోలికి పోకపోవడమే మంచిది.

ఎవరికి తగినవి

డబ్బు పెరుగుతుందన్న ఆశతో మాత్రమే కొనేవారికి లిమిటెడ్ ఎడిషన్ చాకులు తగిన దారి కావు. లాభం తెచ్చినవి కొన్ని ఉన్నాయి, కాని అవి ముందుగానే ఏవో చెప్పగలిగినవారు ఏళ్ల తరబడి చాకులను చేత్తో పట్టి, విప్పి, చదివి నేర్చుకున్నవారు. ఆ శ్రమకు కూలి కట్టుకుంటే లాభం మిగలదు.

చాకు వెనుక ఉన్న పనిని, చరిత్రను, ఉక్కును ఇష్టపడేవారికి మాత్రం ఈ సేకరణ నిండైన తృప్తి ఇస్తుంది. ఒక్కో చాకు ఒక ఊరిని, ఒక కాలపు చేతిపనిని చెబుతుంది. ఇలాంటివారు ఒక హద్దు గీసుకుని మొదలుపెట్టాలి. ఒకే కంపెనీ, ఒకే ఆకృతి, ఒకే దశాబ్దం, లేదా స్విస్ సైనిక చాకులో సంవత్సరాల వరుస. హద్దు లేని సేకరణ గుట్టగా మిగులుతుంది, హద్దున్నది పాఠంలా కుదురుతుంది. ఖరీదైన ప్రత్యేక చాకు కొనేముందు అదే కంపెనీ మామూలు మోడల్ ఒకటి కొని, కొన్ని నెలలు వాడి చూడాలి. దాని బిగువు, పదును చేతికి అలవాటయ్యాక ప్రత్యేక చాకుకు అడుగుతున్న అదనపు ధర పనికా, పెట్టెకా అన్నది చెయ్యే చెబుతుంది. ప్రతి చాకు ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. రేపు ఆ సేకరణ పిల్లల చేతికి వచ్చినప్పుడు దాని విలువ తెలియజేసేది ఆ పుస్తకమే.

కొనుగోలుకు ఒక్క పరీక్ష చాలు. ధర సగానికి పడిపోయినా ఇంట్లో ఉంచుకోవాలనిపించే చాకైతే కొనవచ్చు. అలా అనిపించకపోతే, పెట్టె మీద ఎంత చిన్న సంఖ్య రాసి ఉన్నా, దాన్ని దుకాణంలోనే వదిలేయాలి.